చప్పుడు చేయని దెబ్బ

మంగళవారం. మబ్బు పట్టింది, వాన లేదు. పొద్దున నూలుకు గంజి పెట్టి ఆరేస్తుండగా దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్దమ్మ పోయింది.

అమ్మకు అక్క. గద్వాలలో నా మగ్గం మీద నేసిన ప్రతి చీరకూ నూలు కండెలు చుట్టింది ఆమే. నేను బడికి పోలేదు. ఏ కొంచెం పని వచ్చినా ఆమె పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నదే. నేను మాట్లాడకుండా కూర్చుంటే, "నీ పెండ్లాం గోడతోటి సంసారం జేస్తుంది కొడుకా" అనేది. నేస్తున్నప్పుడు నా చెయ్యి ఆపి పడుగులోని నిలువు పోగులు చూపించేది. "తెగిన పోగు సప్పుడు జెయ్యదు. సూస్తెనే తెలుస్తది."

ఈ ఎండాకాలం అమరచింతలో చుట్టాల పెండ్లి చూసుకుని ఇద్దరం ఆటోలో తిరిగొస్తున్నాం. జూరాల డ్యాము దాటాక మలుపులో బండి బోల్తా పడింది. ఇద్దరికీ తొడ ఎముకే విరిగింది. నేను గొంతు చించుకుని అరిచాను. ఒళ్లంతా చెమట, వణుకు. ఆమె రోడ్డు పక్కన పడి కొంగు సర్దుకుంటోంది. లేపబోయిన వాళ్లతో, "నాకేం గాలే. ముందు గాన్ని సూడుండ్రి, మొత్తుకుంటుండు" అంది.

దవాఖానలో కూడా నన్నే ముందు లోపలికి తీసుకుపోయారు. ఆమె నాడి నిమ్మళంగానే ఉందన్నారు. గట్టి మనిషి అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

నాకు వాపు వచ్చింది, జ్వరం వచ్చింది, రెండూ తగ్గాయి. ఆకలి పుట్టింది. కర్ర పట్టుకుని ఇంటికొచ్చాను. ఆమెకు ఆపరేషన్ అయ్యాక అసలు బాధ మొదలైంది. డాక్టరు నన్ను పక్కన కూర్చోబెట్టి చెప్పాడు. వయసులో ఉన్న ఒళ్లు దెబ్బ తగలగానే ఉలిక్కిపడి లేస్తుందట, కొన్నాళ్లకు సర్దుకుంటుందట. పెద్దవయసులో ఒళ్లు ఆలస్యంగా లేస్తుంది, లేచాక సద్దుమణగడం ఇంకా కష్టం. ఆపద పోలేదనుకుని తన కండనే కరిగించుకుంటూ పోతుంది. ఎముక అతుక్కుంటూనే ఉంది, మనిషే తరిగిపోతోంది అన్నాడు.

పెట్టింది వద్దనకుండా తినేది. "తింటున్న గద, యాడికి పోతుందిరా తిండి?" అని అడిగింది. గాజులు మోచేతి దాకా జారుతుంటే నూలుపోగు చుట్టి బిగించుకుంది, చూడవచ్చిన వాళ్లకు తెలియకూడదని. తర్వాత ఛాతీలో నెమ్ము చేరింది. దగ్గి తోసేంత బలం లేదు.

నిన్న మధ్యాహ్నం కళ్లు తెరిచి, "బండి ఇంకా ఆగలేదార?" అంది.

"ఆగింది పెద్దమ్మా. గద్వాలకు వచ్చినం" అన్నాను.

నమ్మినట్టే కళ్లు మూసుకుంది. దుప్పటి సర్దుతూ ఆమె ఎద మీద చెయ్యి వేశాను. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషి ఎద, ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తుతూనే ఉంది.