ఆఫీసరు వేషం వేసిన పిల్ల

డెబ్బైల మొదట్లో బీరంగూడ దగ్గర ఒక బడిలో నేను సోషల్ టీచర్ని. అక్కడి పెద్ద ఫ్యాక్టరీలో మా ఆయనకు ఉద్యోగం దొరకడంతో గుంటూరు వైపు నుంచి వచ్చాం. నా తరగతిలో సగం మంది క్వార్టర్స్ పిల్లలు, సగం మంది చుట్టుపక్కల ఊళ్ల రైతుల పిల్లలు. ఎవరి బెంచీలు వాళ్లవే.

పాఠం చదివి వినిపిస్తే ఎవరికీ తలకెక్కేది కాదు. అందుకని కథగా మొదలుపెట్టి, సగంలో ఆపి, మిగిలింది మీరే నడపండి అనేదాన్ని. ఒకరు రాజు, ఒకరు శిస్తు వసూలు చేసేవాడు, ఒకరు కట్టలేనివాడు. వేషాల్లోకి దిగారంటే గంట కొట్టినా లేచేవారు కాదు. రాజులూ నవాబులూ నడిచినంత కాలం హెడ్మాస్టరుగారికి ఇదంతా తెగ నచ్చింది. బడికి పెద్దమనుషులు ఎవరొచ్చినా నేరుగా నా తరగతికే తీసుకొచ్చేవారు.

తర్వాత పరిశ్రమల పాఠం వచ్చింది. ఒక ఊరికి ఫ్యాక్టరీ వస్తోంది, భూమి అడగడానికి ఆఫీసరు రైతు ఇంటికి వెళ్లాడు. అక్కడ కథ ఆపాను. వేషాలు కావాలనే తిప్పి ఇచ్చాను. మా దగ్గరి ఫ్యాక్టరీలో పెద్ద హోదాలో ఉన్న ఒకాయన కొడుకు రైతు. ఆ ఫ్యాక్టరీకే భూమి పోయిన ఇంటి ఆడపిల్ల ఆఫీసరు.

క్లాసులో ఎప్పుడూ నోరు మెదపని ఆ పిల్ల నా కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. "జెర జల్దీ సంతకం పెట్టు. దేశం బాగుపడాల్నా వద్దా? నీ కొడుక్కు నౌకరి ఇప్పిస్తం" అంది. అవి వాళ్లింట్లో విన్న మాటలేనని నాకు వెంటనే అర్థమైంది. ఎవరూ నవ్వలేదు.

రైతు వేషంలో ఉన్న అబ్బాయి సంతకం పెట్టనన్నాడు. భూమి ఇచ్చేస్తే రేపట్నుంచి నేనేం చేయాలని అడిగాడు. పిల్ల నా వైపు తిరిగింది.

"మా ఇంటికొచ్చిన సారు గా ముచ్చట చెప్పలే టీచర్."

ఆ సాయంత్రం అబ్బాయి ఇంటికెళ్లి, మన క్వార్టరు ఎవరి పొలంలో కట్టారని తండ్రిని అడిగాడట. మర్నాడు ఆయన వచ్చి, బడిలో రాజకీయాలు నేర్పుతున్నారని హెడ్మాస్టరు మీద మండిపడ్డాడు. పక్క గదిలోనే ఉన్న నన్ను పిలిచి అడగాలని ఇద్దరికీ తోచలేదు. కొడుకును ఎవరూ ఒక్క మాటా అనలేదు. ఆ పిల్లను మాత్రం, సర్కారును ఎగతాళి చేసిందని, ఆఫీసు గది బయట నిలబెట్టారు.

వేషం ఇచ్చింది నేను, నిలబెడితే నన్ను నిలబెట్టండి అని వెళ్లి అడిగాను. ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం ఏదో చూపించమన్నాను. హెడ్మాస్టరుగారు అబద్ధం సంగతి ఎత్తనే లేదు.

"మీ ఆయన కూడా ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తున్నారు కదమ్మా" అన్నారు, చాలా మెల్లగా.

పిల్ల తండ్రిని పిలిపించారు. పెద్ద కొడుక్కి ఇస్తామన్న ఉద్యోగం ఇంకా రాలేదు, అది ఎక్కడ చెడుతుందోనని ఆయన భయం. తలపాగా తీసి చేతులు జోడించాడు.

"చిన్నపిల్ల సారూ, తెల్వక మాట్లాడింది. మనసుల పెట్టుకోకుండ్రి."

పొలం పోగొట్టుకున్నది ఆయన. ఆ మాట కూతురి నోట వచ్చినందుకు క్షమాపణ అడుగుతున్నదీ ఆయనే. పోతూ పోతూ నాకూ దండం పెట్టాడు. నాకు తల తీసేసినట్టయింది.

సోషల్ నా దగ్గర నుంచి తీసి లెక్కల మాస్టారికి ఇచ్చారు. నాకు కుట్టుపని క్లాసులు అప్పగించారు. గొడవను ఇంటిదాకా తీసుకురావద్దన్నారు మా ఆయన. ఆయనతో చాలా రోజులు సరిగా మాట్లాడలేదు.

ఏడాది చివరి పరీక్షల్లో ఆ తరగతి గదికి నన్నే ఇన్విజిలేటర్‌గా వేశారు. పరిశ్రమల వల్ల లాభాలు రాయమని ప్రశ్న. ఆ పిల్ల పేపరు మీదికి వంగి చూశాను. లెక్కల మాస్టారు చెప్పి రాయించిన జవాబే, పొల్లుపోకుండా రాస్తోంది. స్థానికులకు ఉపాధి లభించును, గ్రామములు అభివృద్ధి చెందును. వాళ్లన్నకు అప్పటికీ ఉద్యోగం లేదు. ఆ జవాబుకు లెక్కల మాస్టారే పూర్తి మార్కులు వేశారు. వేసిన చేతుల మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.