కంబోడియా పడవలో తగువు

"ఆయనకి వంట ఎవరు చేస్తారండీ?"

నేను స్నేహితురాళ్ళతో కంబోడియా వెళ్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరూ అడిగిన మాట ఇదే. మా ఆయనకు పక్షవాతం వచ్చి మంచాన పడి ఉన్న ఏళ్ళలో, ఆ ఇంట్లో ఎవరు వండుతున్నారో, ఎవరు ఆయన ఒళ్ళు తుడుస్తున్నారో ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు ఆయన చేతికర్రతో నడుస్తున్నారు. కుక్కర్ పెట్టుకోగలరు. తోడుకి మా మరిది వచ్చాడు. వెళ్ళి రమ్మన్నది కూడా మా ఆయనే.

"ఆయనే వండుకుంటారండీ," అని ఎదురింటావిడ మొహం మీదే గేటు వేసి, ఏలూరు నుంచి కోపంతోనే బయల్దేరాను.

మేం ముగ్గురం ఏలూరు కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్ళం. ఒకామె బ్యాంకులో చేసి రిటైరైంది. ఇంకొకామెను తాడేపల్లిగూడెం ఇచ్చారు. నేను ఏలూరులోనే స్కూలు టీచర్ని. పిల్లలు కాస్త పెద్దయ్యాక ముగ్గురం శ్రీలంక వెళ్ళాం, ఆ తర్వాత సింగపూర్. అంతలో కరోనా వచ్చింది, దాని వెనకే మా ఆయన జబ్బు. నేను లేకుండా వాళ్ళిద్దరూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయేవన్నీ మంచి మాటలు కావు.

మొదటి రెండు రోజులూ హాయిగా గడిచాయి. గుళ్ళు తిరిగాం, మెట్ల మీద కూర్చుని మామిడికాయ ముక్కలు ఉప్పూకారంతో తిన్నాం, హాస్టల్ వార్డెన్ని తలుచుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. మూడో రోజు ఒక పెద్ద మంచినీటి సరస్సు చూపిస్తామని పడవెక్కించారు. నీళ్ళలో పొడవాటి గుంజలు పాతి, వాటి మీద ఇళ్ళు కట్టుకున్న చేపలవాళ్ళ ఊరు అది. వలలు ఆరేసి ఉన్నాయి. నాచు వాసనా, ఎండు చేపల వాసనా కలిసి ముక్కుకు తగలగానే మా ఊరే గుర్తొచ్చింది. నేను పుట్టింది కొల్లేటి లంకలో. వానాకాలం వస్తే మా ఊరికీ పడవే దారి. మా నాన్న దోనె మీద వెళ్ళి వల వేసేవాడు, మా అమ్మ ఆ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఆకివీడు వెళ్ళి అమ్మేది.

ఒక ఇంటి అరుగు మీద ఒకామె చేపలు తోముతోంది. పక్కన పసిపిల్ల స్నానం చేస్తోంది. మా తాడేపల్లిగూడెం స్నేహితురాలు పడవలో లేచి నిలబడి ఫోన్ ఎత్తింది. "ఇటు, ఇటు చూడు!" అని చప్పట్లు కొట్టింది. అరుగు మీదామె మొహం తిప్పుకుని పిల్ల మీద గుడ్డ కప్పింది.

"ఛీ, ఈ మురుగులో ఎలా బతుకుతున్నారే వీళ్ళు!" అంది మా స్నేహితురాలు, ఫోన్ దించకుండానే. "గవర్నమెంటు వీళ్ళని లేపేసి ఎక్కడన్నా ఇళ్ళు కట్టివ్వచ్చుగా. సరస్సన్నా శుభ్రంగా ఉంటుంది."

నా చిన్నప్పుడు కొంగల్ని చూడ్డానికని జీపుల్లో జనం వచ్చేవారు. ఒకసారి మా అమ్మ చేపలు తోముతుంటే ఒకావిడ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడింది, ఆవిడ భర్త ఫోటోలు తీశాడు. మా అమ్మ తలెత్తలేదు. ఆ రోజు అన్నం కూడా తినలేదు.

"ఫోన్ దించు," అన్నాను.

"ఏమైందే?"

"ఆవిడ మొహం తిప్పుకుంటోంది, కనపడ్డం లేదా? దించు."

"అబ్బ, ఒక్క ఫోటోకి ఏం పోతుందే! ఇదేమన్నా మీ ఊరా?"

"వీళ్ళని లేపేస్తే సరస్సు శుభ్రపడుతుందన్నావే, మరి కొల్లేట్లో మీ చెరువుల్ని ఎవరు లేపాలి?"

ఆ మాట మా ముగ్గురి మధ్యా ఎన్నడూ రాలేదు. కానీ ముగ్గురికీ తెలుసు. మా లంక చుట్టూ ఒకప్పుడు అడ్డులేని నీళ్ళుండేవి, ఎవరి వల వాళ్ళు వేసుకునేవారు. తర్వాత మిషన్లు పెట్టి గట్లు పోశారు, చేపల చెరువులు తవ్వారు. తను వల వేసిన నీళ్ళకే మా నాన్న జీతానికి కాపలా ఉన్నాడు. కూరకని ఒక్క చేప తెచ్చుకుంటే దొంగతనం. ఆ చెరువులు ఇవాళ ఈమె భర్త చేతిలో ఉన్నాయి.

"మేమేమన్నా దొంగతనం చేశామా? మీ ఊరివాళ్ళే లీజుకిచ్చారు," అంది. "మీవాళ్ళ ఇళ్ళకి శ్లాబులు పడ్డాయంటే ఆ చెరువుల వల్లే."

అందులో కొంత నిజముంది. అందుకే నాకు ఇంకా మండింది. బ్యాంకామె మధ్యలోకి వచ్చి, "సరదాకొచ్చామే! ఇక్కడ కూడా కొల్లేరు గొడవేనా?" అంది. అన్నిటికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది. అది మీకు గొడవ, నాకు పుట్టి పెరిగిన చోటు అని అరిచాను. పడవ నడిపే ఆయనకి ఏమీ అర్థంకాక ఇంజను ఆపి మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. వెనక్కి తిప్పమని చేత్తో చూపించాను.

మర్నాడు పొద్దున్న టిఫిన్ దగ్గర గూడెం ఆమె నా ముందు ఫోన్ పెట్టి ఆ ఫోటోలన్నీ తీసేసింది.

"అలా తీయకుండా ఉండాల్సింది. ఒప్పుకుంటున్నాను. చెరువుల సంగతి మాత్రం నాతో అనకు. అది మా ఆయన వ్యాపారం."

"నీ ఒంటిమీద బంగారం కూడా ఆయన వ్యాపారమేనా?"

ఆమె ఏడ్చింది. నేను ఓదార్చలేదు. మిగిలిన రెండు రోజులూ అలాగే తిరిగాం. ఒక గుడి మెట్ల దగ్గర నాకు మోకాలు పట్టేస్తే ఆమే వచ్చి నా బ్యాగు అందుకుంది. ఇచ్చాను.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి ఆమె దగ్గర్నుంచి ఫోన్. "మీ ఊరు చూపించవే," అంది.

"చూడ్డానికైతే వద్దు. మా అన్నయ్య ఇంట్లో భోజనానికైతే రా."

వచ్చింది. మా వదిన కొరమేను పులుసు వండింది. భోజనాలయ్యాక మా అన్నయ్య ఆమె ఎదురుగా కూర్చుని, మెత్తగా అడిగాడు.

"ఏవండీ, మీరు వేసిన గట్టు మా కాలవకి అడ్డం పడిందండీ. దోనె సరస్సులోకి వెళ్ళే దారి లేదు. ఆ కాస్త మేర తీయించండి, చాలండి."

ఆమె మొహం ఎర్రబడింది. "ఆయన్ని అడిగి చెప్తానండీ," అంది.

ఇప్పటికీ చెప్పలేదు. నేను ఫోన్ చేసినప్పుడల్లా ముందు అదే అడుగుతున్నాను. ఒక్కోసారి ఫోన్ ఎత్తదు. ఎత్తినప్పుడు ఆయన పనిలో ఉన్నారంటుంది, సీజను అంటుంది, చేప పట్టుబడి అయ్యాక చూద్దామంటుంది. బ్యాంకామె మాత్రం ఈసారి వియత్నాం వెళ్దామని మా ఇద్దరి వెంటా పడుతోంది. మీరిద్దరూ కలిసుండాలే అంటుంది.

వెళ్తాను. స్కూలుకీ మా ఆయన మంచానికీ మధ్య ఏళ్ళు గడిపినదాన్ని, ఎవరి మీదో కోపంతో లోకం చూడ్డం మానుకోను. కానీ విమానంలో ఆమె పక్క సీట్లోనే కూర్చుంటాను. కూర్చుని, కాలవ సంగతేం చేశావని అడుగుతాను.