ఎవరూ కదపని కణాలు

1999లో పటాన్‌చెరులోని ఒక మందుల కంపెనీ నన్ను కణాల పెంపకం ల్యాబుకు ఇన్‌చార్జిగా వేసింది. చర్మం మీది వాపుకూ నోటిపూతకూ పనికొచ్చే మందు వెతకడం మా పని. చర్మ కణాలు, నోటి లోపలి పొర కణాలు గోడలా ఊరికే పడి ఉండవు. వాపు సంకేతం అందగానే కీమోకైన్లనే చిన్న ప్రోటీన్లను వదిలి తెల్ల రక్తకణాలను పిలుస్తాయి. ఆ పిలుపు మితిమీరితే పుండు మానదు.

ప్రతి పరీక్షలో కొన్ని కణాలకు సంకేతం ఇస్తాం, కొన్నింటిని పోలిక కోసం కదపకుండా వదిలేస్తాం. ఆ వానాకాలంలో కదపని కణాలు కూడా కీమోకైన్లు కురిపించడం మొదలుపెట్టాయి. కణాలు మార్చాను, వాటికి పోసే సీరం మార్చాను. ఏం లాభం! తప్పు ఎవరిదో సోమవారంలోగా తేల్చి, వాళ్లను పంపించేయమని విభాగాధిపతి ఆదేశించారు.

నా చిరాకంతా గాజుసామాను కడిగే గదిలో వెళ్లగక్కాను. అక్కడ పనిచేసే యాదమ్మది దగ్గర్లోని ఇంద్రేశం ఊరు. కాంట్రాక్టు మనిషి, నాకంటే పెద్దది.

“ఏంది మేడం, గింత పరేషాన్ అయితున్నరు?” అంది.

మొదటిసారి ఆమెకు అంతా విడమరిచి చెప్పాను. చచ్చిన సూక్ష్మజీవి పొట్టు సీసాలో కాస్త మిగిలినా కణాలు దాన్ని సంకేతంగానే తీసుకుంటాయి. ఆవిరిలో ఉడికించినా అది పోదు. అందుకే సీసాలను పొడి ఓవెన్‌లో కాలుస్తాం.

యాదమ్మ చేతిలో బ్రష్ ఆగిపోయింది. “అయ్యో! కొత్త పొయ్యి వచ్చినకెల్లి సీసాలు కమురు వాసనొస్తున్నయ్ మేడం. కాలినంక నేనే కుండల నీళ్లతోని ఇంకోపారి తొలుస్తున్న. ఎనుక ఆవిరి పడతరు గద అనుకున్న.” బ్రష్ పక్కన పెట్టి అడిగింది: “ఇగ నన్ను రావద్దంటరా?”

కుండ నీళ్లలోని పొట్టే సీసాల్లో చేరుతోందన్నమాట. కోపం రాలేదు సరికదా, ఆమె మీద అభిమానం కలిగింది. అడగకముందే ఒప్పుకునేవాళ్లు మా పెద్ద చదువుల వాళ్లలో ఎందరున్నారు? కాల్చాక మళ్లీ కడగని సీసాలతో పరీక్ష చేశాం. కదపని కణాలు నిమ్మళంగా ఉన్నాయి.

సోమవారం నివేదికలో బాధ్యులు అన్న గడిలో నా పేరు రాశాను. విభాగాధిపతి కళ్లజోడు తీసి, ఇది జాలితో రాసిందా అని అడిగారు. కాదన్నాను. కడిగే పద్ధతిని ఇంగ్లీషులో రాసి గోడకు అంటించింది నేను. యాదమ్మకు చదువు రాదని తెలిసీ, ఎందుకు కాలుస్తామో ఒక్కనాడూ చెప్పలేదు.

నా ప్రమోషన్ ఏడాది వెనక్కి పోయింది. యాదమ్మ పనిలోనే ఉంది. కారణం చెప్పకుండా అప్పగించిన పనిని శ్రద్ధ గల మనిషి తనకు తోచినట్టు బాగుచేస్తుంది. అప్పుడు జరిగే తప్పు అప్పగించినవాళ్లది.