మిల్లు కూత

గోనెసంచి వాసన తగిలితే మా చర్చి క్రిస్మస్ నాటిక గుర్తొస్తుంది. ఆ ఏడు మా ఊరి జూట్ మిల్లు మూసేశారు. అందులో పనిచేసే నాన్న, గేటు తాళానికి రోజూ సెల్యూట్ కొట్టే మేనేజరు మీద నాటిక రాశాడు. గోనెసంచి కోటు తొడుక్కుని ఆ వేషం తనే వేశాడు. నెలల తరబడి నవ్వని అమ్మ కూడా కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

అంతమంది నవ్వారు కాబట్టి మిల్లు తెరుస్తారనుకున్నాను. మర్నాడు పొద్దున్నే అరుగు మీద కూర్చున్నాను.

"ఏటి సూస్తన్నావే?" అన్నాడు నాన్న.

"మిల్లు కూత రానేదేటి నాన్నా? అందరూ నవ్వినారు గదా."

నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నవ్వినోలంతా మనోలేనమ్మా. తాళాలున్నోడు రానేదు."

ఇప్పుడు నేను పత్రికకు వ్యంగ్యం రాస్తాను. బాగా నవ్వుకున్నామని పాఠకులు ఫోన్ చేస్తారు. ఫోన్ పెట్టేశాక ఆ కూత కోసం వింటాను. రాదు. అమ్మ నవ్వు గుర్తొచ్చి మళ్లీ రాయడానికి కూర్చుంటాను.