బావ కోసం కొన్న పాటల పెట్టె

ఈ ఉదయం ఆరూ నలభైకి, మేనకోడలు ఎమ్మిగనూరు నుంచి పంపిన చిన్న పాటల పెట్టెను ఆదోనిలో నా కంప్యూటరుకు తగిలించాను. తెర మీద ఫోల్డరు కనిపించింది. దానికి అక్క పేరే పెట్టాను అప్పట్లో.

బావ చీరలు నేస్తుంటే అక్క మగ్గం పక్కన కూర్చుని కండెలకు నూలు చుడుతూ పాడేది. నేను వాళ్ళింటికి పోయినప్పుడల్లా ఫోనులో రికార్డు చేసేవాణ్ణి. ఆమె చనిపోయాక బావ నేయడానికి మగ్గం గుంటలోకి దిగలేదు. సగం నేసిన చీర రెండు నెలలు అలాగే ఉండిపోయింది. "ఆయమ్మ గొంతు లేకుంటే సెయ్యి ఆడదప్పా" అన్నాడు. ఫోనులో వేసిస్తానంటే వద్దన్నాడు. మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, పాట తెగిపోతుంది. అందుకే పాటలు మాత్రమే పాడే చిన్న ప్లేయరు కొనాలనుకున్నాను.

నా ల్యాప్‌టాప్ పత్తి మిల్లువాళ్ళు తీసేసిన పాతది. ఉచితంగా దొరికే, ఎవరైనా విప్పి చూసుకోగల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి దాన్ని బతికించుకున్నాను. మొదట కొన్న ప్లేయరులోకి పాటలెక్కాలంటే దాని కంపెనీ ప్రోగ్రామే కావాలి. అది లినక్స్‌లో నడవదు. కొనేముందు అడగాలని నాకు తోచలేదు. నా తప్పుకు ఆ చీర ఇంకో మూడు వారాలు ఆగింది.

రెండోసారి ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకునే అంగడికి పోయాను. ఒక్కో ప్లేయరూ తగిలించి చూస్తుంటే అంగడాయన నవ్వాడు.

"ఏందన్నా, పెండ్లిసూపులకు వచ్చినట్ల సూస్తాండావు? రంగు సూడవు, రేటు అడగవు!"

"పాట ఎక్కితే చాలప్పా."

నాలుగోది మామూలు పెన్‌డ్రైవులా తెరుచుకుంది. చూడకుండా నొక్కడానికి గట్టి బటన్లున్నాయి. అక్క పాట ఒకటి ఎక్కించి అక్కడే విన్నాను. అంగడాయన నవ్వు ఆపి, దాన్నే డబ్బాలో పెట్టిచ్చాడు.

ఎమ్మిగనూరులో బావ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గుంటలోకి దిగాడు. మగ్గం ఆడింది. కొంతసేపటికి తల తిప్పకుండానే "ఉండ్లే, ఇంకొంచెముంది" అన్నాడు. నాతో అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. రెండో పాట మధ్యలో అక్క ఆగి, "కండె ఉందా, ఇంకొకటి ఇయ్యల్నా?" అని అడుగుతుంది. ఆ మాట తీసేయాలనుకుని మరిచిపోయాను.

ఆ చీర పూర్తయింది. తర్వాత ఆరేళ్ళు నేశాడు. నేను ఎప్పుడు పోయినా ఆ పాట దగ్గర అదే జవాబు, అదే గొంతుతో. అన్నేళ్ళలో మారనిది అదొక్కటే.

పోయిన నెల బావ కూడా పోయాడు. మగ్గం విప్పేశారు. ఈ ఉదయం ఆ పాట చివరిదాకా విన్నాను. అక్క మళ్ళీ కండె ఉందా అని అడిగింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ నేయరు.