తాండూరులో దిగనివ్వని నవలలు

ఈ ఏడాది చదివిన నవలల్లో బాగా నచ్చినవి రెండు రాసిమ్మని వికారాబాదు లైబ్రరీ ఆయన వారం రోజులుగా నా వెంటపడుతున్నాడు. నాకేమో ఎటూ తేలలేదు. ఇవాళ సాయంత్రం తాండూరు స్టేషన్లో దిగినవాళ్ల దగ్గర టిక్కెట్లు తీసుకునే ఖాసిం సాబ్ తేల్చిపెట్టాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు.

వికారాబాదు బడిలో పాఠాలు చెప్పి రోజూ బండిలో తాండూరు ఇంటికి వస్తాను. దారిపొడవునా నవల చదువుతాను. అది బాగుందంటే తాండూరు ఎప్పుడు దాటిందో కూడా తెలియదు. ఎక్కడో దిగి, అక్కడ టిక్కెట్టు కొని మళ్లీ వెనక్కి రావాల్సిందే. ఇవాళ మాత్రం బుద్ధిగా దిగాను. గేటు దగ్గర ఖాసిం సాబ్ కంగారుపడ్డాడు.

"ఏం సారూ, ఇయ్యాల ఈడనే దిగిన్రు? పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న. పుస్తకం చదువుకుంటనే వచ్చిన."

"అయితె పుస్తకమే మంచిగ లేదు. ఎర్ర అట్టది మస్తుగుండె, మిమ్ముల సేడం దాకా తీస్కపోయింది. నీలం అట్టది గంత దూరం గాకున్నా నవాంద్గి దాకా. గిదేంది సారూ, తాండూరు గూడ దాటలే!"

ఇవాళే ప్రెస్సు నుంచి వచ్చిన ఆ పుస్తకాన్ని మెల్లగా సంచిలోకి తోసేశాను. అట్ట మీద ఉన్నది నా పేరే. రాసినవాడికి కథ ముందే తెలుసు కదా అని ఇంటిదాకా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

లైబ్రరీ జాబితాలో మొదటి స్థానం ఎర్ర అట్టకే, రెండోది నీలం అట్టకు ఇచ్చాను. మీలో ఎవరైనా నా నవల చదువుతూ దిగాల్సిన చోటు దాటిపోతే, దయచేసి ఆ స్టేషన్ నుంచే ఒక కార్డుముక్క రాయండి. ఖాసిం సాబ్‌కు చూపించాలి.