ముడవని ఆకులు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పరిశోధన కోసం కోడూరులో ఒక అద్దె గదిలో ఉండేదాన్ని. గది వెనక దోమతెర కట్టి, కుండీల్లో వరి వేసి, దాని మీద ఆకుముడత పురుగుల్ని పెంచేదాన్ని. ఊరంతా చంపే పురుగును నేను మేపుతున్నానని చెప్పుకోవడానికి మొహం చెల్లక, ఇంటివాళ్లతో కూడా వరి మీద ఏదో చూస్తున్నానని సరిపెట్టాను. వాళ్లూ ఆపైన అడగలేదు.

ఈ పురుగు నోట్లోంచి పట్టుదారం తీసి ఆకు అంచులు రెండూ కలిపి కుట్టేస్తుంది. ఆ గొట్టంలో దాక్కుని పచ్చదనం గీకి తింటుంది. అందుకే మందు కొట్టినా ఒక పట్టాన చావదు. నా దగ్గర కొన్నింటికి దారం వచ్చేది కాదు, పాపం ఆకు మీద బయటే పడి ఉండేవి. వాటిని మామూలువాటితో జత కట్టిస్తే పిల్లల్లో ఆ లోపం కనిపించలేదు. మనవల్లో కొన్నింటికి మళ్లీ పైకొచ్చింది, అంటే లోపం వంశంలో దాగి దిగుతోందన్నమాట. అది చూసిన రోజు ఎగిరి గంతెయ్యాలనిపించింది. చెప్పడానికి మనిషి లేక, అన్నం వండుకుని తిని పడుకున్నాను. అంత ఒంటరితనం మళ్లీ ఎరగను.

తాతల తరం అప్పటికే పోయింది. దారం రానివంటూ మిగిలినవి ఆ మనవలే.

ఒక ఆదివారం బందరు చర్చికి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేసరికి, ఇంటావిడ పిన్నిగారు సంబరంగా ఎదురొచ్చారు.

“మీ వరికి పురుగు పట్టిందండీ. చేలో అయితే ముడతలు విచ్చుకునేలా పైరు మీద రేగుకంప లాగేవాళ్లం. కుండీలు కదా అని నేనూ మీ బాబాయిగారూ కూర్చుని, ముడుచుకున్న ఆకునల్లా చేత్తో విప్పి, ఏరి కోళ్లకేశాం. తెర మళ్లీ కట్టేశాంలెండి.”

ఆ మనవలూ పోయాయనుకున్నాను. కోప్పడదామంటే ఆవిడ వేళ్లు వరి ఆకులు కోసుకుని ఎర్రగా ఉన్నాయి. అరుగు మీద కూలబడి, పట్టు సంగతీ లోపం సంగతీ మొదటిసారిగా అంతా చెప్పేశాను. చెబుతుండగానే నాకు తట్టింది. వాళ్లు విప్పింది ముడుచుకున్న ఆకుల్నే. దారం రానివి ఆకు ముడవలేవు.

వెలుతురు పోకముందే తెర ఎత్తి వెతికాను. విచ్చుకున్న ఆకుల మీద, గూడు కట్టుకోలేనివి, అక్కడక్కడా పడి ఉన్నాయి. బతికే ఉన్నాయి.

పిన్నిగారు నా వెనకే వచ్చి నిలబడ్డారు. “ఇన్నాళ్లూ ఈ కబుర్లన్నీ ఎవరితో చెప్పుకున్నారమ్మా?” అన్నారు.

ఎవరితోనూ లేదండీ అనబోయాను. పురుగులు పోయాయనుకున్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.